క్లచ్ లేని కారులో నేర్చుకోవడానికి ఏముంది?

కారు నేర్చుకోవాలనుకుంటున్నానని తిరుపతిలో ఎవరి దగ్గర నోరు జారినా మొదట వినవచ్చే సలహా ఒక్కటే: ముందు గేర్ల బండిలో నేర్చుకో, ఆ తర్వాత ఏ బండైనా నడపవచ్చు. ఈ మాట చెప్పేవారంతా అలాగే నేర్చుకున్నవారు కాబట్టి వారి ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. అయితే ఆ సలహా వెనుక మరొక నమ్మకం దాగి ఉంటుంది. ఆటోమేటిక్ కారులో నేర్చుకోవడానికి అసలేమీ ఉండదని, గేరును డి (డ్రైవ్) లో పెట్టి తొక్కితే బండి దానంతట అదే పోతుందని చాలామంది గట్టిగా అనుకుంటారు. నేను కారు నేర్చుకున్నది ఆటోమేటిక్‌లోనే. నా పేచీ మొదటి సలహాతో కాదు, ఈ నమ్మకంతో. ఆటోమేటిక్ కొనుక్కున్నవారికి దానిని సరిగా నేర్పే మనిషి దొరకకపోవడానికి ఈ నమ్మకమే కారణమని నా అభిప్రాయం.

మా ఇంట్లో ఉన్నది ఏఎంటీ అనే రకం ఆటోమేటిక్ కారు. మావారు ఆఫీసుకు స్కూటరు మీద పోతారు గనుక వారమంతా అది ఇంటి ముందు దుమ్ము పట్టి నిలబడి ఉంటుంది. ఆ కారులోనే నేర్పమని ఒక డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి అడిగితే, అక్కడున్నవన్నీ మాన్యువల్ కార్లే, అంటే గేర్ల బండ్లే. స్కూలు బండ్లలో నేర్పేవారి కాళ్ల దగ్గర కూడా బండిని ఆపే ఏర్పాటు ఉండాలన్నది నిబంధన కాబట్టి, అలాంటి ఏర్పాటుతో ఇంకొక ఆటోమేటిక్ బండి కొని పెట్టుకోవడం వారికి ఖర్చుతో కూడిన పని అని నేను అర్థం చేసుకోగలను. నాకు మింగుడు పడనిది వారు చెప్పిన కారణం. "ఆటోమేటిక్ అయితే మేము నేర్పేదానికి ఏముందమ్మా, రెండు దినాలు తిప్పుకుంటే అదే వచ్చేస్తుంది" అన్నారు. రెండు రోజుల్లో వచ్చేది స్టీరింగు కూడా కాదు.

చివరికి నాకు నేర్పింది మా చిన్నాయన. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి, తిరుమల ఘాట్ రోడ్డు మీద ఏళ్ల తరబడి బస్సు నడిపి రిటైరైన మనిషి. లైసెన్సు ఉన్న మనిషి పక్కన కూర్చుని, అవసరమైతే బండిని ఆపగలిగేలా ఉంటే, సొంత కారులో నేర్చుకోవడానికి నిబంధనలు అడ్డు రావు. అయితే చిన్నాయన అంత సులువుగా ఒప్పుకోలేదు. "క్లచ్చి తెలీకుండా బండి తెలిసేదెట్ల పాపా?" అన్నది ఆయన ప్రశ్న. 2022 సెప్టెంబరు నుంచి అదే ఘాట్ మీద ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయని, వాటికి క్లచ్చూ లేదు, గేరు కడ్డీ కూడా లేదని, అయినా వాటి డ్రైవర్లు కొండ ఎక్కి దిగుతూనే ఉన్నారని నేను గుర్తు చేశాను. "వాళ్లు అన్నేండ్లు గేర్లు వేసి వేసి చేతులు అరగదీసుకున్నోళ్లు, నువ్వట్లనా?" అని ఆయన జవాబు. అది న్యాయమైన జవాబే. దానికి నా దగ్గర మాట లేకపోయింది కానీ, మరుసటి ఉదయం ఆరు గంటలకే ఆయన మా గేటు ముందు నిలబడి తాళం అడిగారు.

కరకంబాడి రోడ్డు వైపు వెంచర్లు వేసి, ప్లాట్లు ఇంకా నిండని చోట్ల రోడ్లు వెడల్పుగా, ఖాళీగా ఉంటాయి. తిరుపతిలో సగం మంది కారు నేర్చుకునేది అలాంటి రోడ్ల మీదే. మొదటి రోజున చిన్నాయన నన్ను యాక్సిలేటర్ మీద కాలు పెట్టనివ్వలేదు. బ్రేకు తొక్కి పట్టి గేరును డి లోకి మార్చి, హ్యాండ్ బ్రేకు దించి, బ్రేకు మీది కాలును కొద్దికొద్దిగా వదలమన్నారు. బండి తనంతట తాను నడిచే మనిషి వేగంతో కదిలింది. ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి ఈ గుణం ఉంటుంది. ఆ నడకనంతా బ్రేకుతోనే అదుపు చేస్తూ, మలుపులు తిప్పుతూ, గీత గీసి చూపించిన చోట ఆపుతూ ఒక ఉదయమంతా గడిపాము. బ్రేకుకు ఎంత ఒత్తిడి ఇస్తే బండి ఎంత ఆగుతుందో పాదానికి అలవాటైన తర్వాతే ఆయన రెండో పెడల్ చూపించారు. ఏ డ్రైవింగ్ స్కూలువారైనా పాఠంగా పెట్టుకోదగిన పద్ధతి ఇది. గేర్ల బండిలో దీన్ని ఇంత సాఫీగా చేయించడం కుదరదు, ఎందుకంటే అక్కడ మొదటి గంట నుంచి మనసంతా ఎడమ కాలిలోనే ఉంటుంది.

ఎడమ కాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బండి నిలబడి ఉన్నా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు మాత్రం కదలవు. తిరిగే దానికీ నిలబడి ఉన్న దానికీ ఒక్కసారిగా ముడి వేస్తే ఇంజను ఆగిపోతుంది. కాబట్టి కొంతసేపు జారనిస్తూ, మెల్లగా కలపడం క్లచ్ పని. దీనినే హాఫ్ క్లచ్ అంటారు. మాన్యువల్ నేర్చుకునేవారిని ఏడిపించేదంతా ఈ కొద్ది క్షణాలే. బ్రహ్మోత్సవాల రోజుల్లోనో, తమిళుల పెరటాసి నెల శనివారాల్లోనో అలిపిరి టోల్‌గేటు దగ్గర వరుసలో నిలబడిన కార్లను చూస్తే ఇది తెలుస్తుంది. మిట్ట మీద ముందున్న బండి రెండడుగులు కదలగానే మనమూ కదలాలి, వెనుక బంపరుకు బంపరు ఆనించినట్టు తమిళనాడు వ్యాను నిలబడి ఉంటుంది, కాలు ఒక్క పిసరు ఎక్కువ వదిలితే బండి ఆగిపోతుంది, తక్కువ వదిలితే వెనక్కి జారుతుంది. ఇది ఒక నైపుణ్యమే, ఎవరూ కాదనరు. కానీ దానికి మనసంతా ఖర్చైపోయినప్పుడు, పక్కనుంచి రోడ్డు దాటుతున్న ముసలమ్మ కంట పడదు.

తిరుపతి రోడ్లకు కావలసింది కళ్లు. గుండు చేయించుకుని, నెత్తిన మూటతో, ఫోనులో దారి చూసుకుంటూ నడిరోడ్డుకు వచ్చేసే యాత్రికులు, లీలామహల్ సర్కిల్ దగ్గర చేయి చూపకుండానే ఆగే షేర్ ఆటోలు, ఏ మలుపు ఎటు పోతుందో తెలియక అడుగడుగునా బ్రేకు వేసే బయటి రాష్ట్రాల కార్లు, కపిలతీర్థం ముందు వెనక్కి తిరుగుతున్న బస్సులు, వీటి మధ్య నడవాలి. క్లచ్ గొడవ లేకపోవడం వల్ల నేను మొదటి వారాల్లోనే అద్దాలు చూడటం, దూరంలో ఉన్న ఆటో చక్రం ఎటు మళ్లుతున్నదో గమనించడం నేర్చుకున్నాను. ఆటోమేటిక్‌లో నేర్చుకోవడంలో అసలైన లాభం నా దృష్టిలో ఇదే. కాలు నొప్పి తప్పడం చిన్న లాభం.

ఇక ఆటోమేటిక్ అనే మాట కింద ఎన్ని రకాలున్నాయో అమ్మేవారు కూడా సరిగా చెప్పరు. మన వీధుల్లో తక్కువ ధర ఆటోమేటిక్‌లుగా కనిపించేవి ఎక్కువగా ఏఎంటీ బండ్లు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో ఇవి మొదలయ్యాయి. వీటి లోపల ఉండేది మాన్యువల్ గేరు పెట్టే, క్లచ్ కూడా మామూలు క్లచ్చే. వాటిని కాలూ చేయీ కదిలించే బదులు ఒక కంప్యూటరు చెప్పినట్టు చిన్న యంత్రం కదిలిస్తుంది. ఈ సంగతి విన్న తర్వాత చిన్నాయనకు మా కారు మీద గౌరవం పెరిగింది. "అంటే క్లచ్చి ఉండాది, తొక్కేవాడు వేరే" అని తేల్చారు. గేరు మారేటప్పుడు తల కొద్దిగా ముందుకు ఊగడం, ఆ క్షణంలో లాగుడు తగ్గడం ఏఎంటీ లక్షణం. మిగిలిన రకాల్లో టార్క్ కన్వర్టర్ అన్నింటికంటే పాతది. ఇంజనుకూ గేరు పెట్టెకూ మధ్య నూనె ద్వారా శక్తిని అందిస్తుంది కాబట్టి మెత్తగా నడుస్తుంది. సీవీటీలో మెట్లు మెట్లుగా గేర్లే ఉండవు, రెండు కప్పీల మధ్య బెల్టు స్థానం మారుతూ పోతుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉండి, ఒక గేరు నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది.

ఈ తేడా తెలియకపోతే మిట్ట మీద బండికే నష్టం. టార్క్ కన్వర్టర్ బండిని మిట్ట మీద కొద్దిసేపు యాక్సిలేటర్‌తో నిలబెట్టినా పెద్దగా ఏమీ కాకపోవచ్చు. ఏఎంటీలోనూ, డీసీటీల్లో చాలావాటిలోనూ అలా చేస్తే లోపల క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. గేర్ల బండిలో అరగంట హాఫ్ క్లచ్ మీద నిలబెట్టినవాడిని పక్కవాడు తిడతాడు, వాసన కూడా వస్తుంది. ఆటోమేటిక్‌లో అదే పని చేస్తున్నామని మనకే తెలియదు, ఎందుకంటే తొక్కే పెడల్ కంటికి కనబడదు. వరుసలో ఆగితే బ్రేకు మీద ఆగాలి, ఎక్కువసేపైతే హ్యాండ్ బ్రేకు లాగి న్యూట్రల్ చేయాలి, ముందు బండికీ మనకూ మధ్య జాగా వదిలి ఒకేసారి కదలాలి. ఏఎంటీ కొన్నిసార్లు బ్రేకు వదిలి యాక్సిలేటర్ అందుకునేలోగా వెనక్కి జారుతుంది కనుక, మిట్ట మీద హ్యాండ్ బ్రేకు సాయంతో కదలడం గేర్ల బండివాళ్లలాగే నేర్చుకోవలసిందే. మరొకటి, చాలా ఏఎంటీ కార్లకు గేరు కడ్డీ దగ్గర బండిని కదలకుండా నిలిపే పి (పార్క్) అనే స్థానం ఉండదు. అలాంటి బండిని ఆపి వెళ్లేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేయకుండా, గేరులో ఉండగానే ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాలి. అలిపిరి వైపు వీధుల్లో నేల కొండ నుంచి వాలుగానే ఉంటుంది, చదునుగా ఉందని కళ్లు చెప్పినా చక్రం నమ్మదు.

ఎడమ కాలును ఏం చేయాలన్నది ఇంకో పాఠం. చిన్నాయన నా ఎడమ చెప్పును వెనక్కి లాగి, పక్కనున్న కాలిపీట మీద ఆనించి పెట్టమని, బ్రేకూ యాక్సిలేటరూ రెండూ కుడి కాలితోనే తొక్కమని పదే పదే చెప్పారు. మడమ బ్రేకుకు ఎదురుగా నేల మీద ఆని ఉండాలి, వేళ్లు మాత్రమే కుడి పక్కకు తిరగాలి. అలా ఉంటే కంగారులో కాలు పడేది బ్రేకు మీదే. ఏళ్లుగా గేర్ల బండి నడిపి కొత్తగా ఆటోమేటిక్ ఎక్కినవారికి ఇదొక గండం. ఆగబోయే ముందు వారి ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెళ్లి, వెడల్పాటి బ్రేకు పెడల్‌ను అడుగంటా తొక్కేస్తుంది. మా కారును మొదటిసారి నడిపిన రోజు చిన్నాయనే అలా తొక్కి, మా ఇద్దరినీ సీటు బెల్టులకు వేలాడేసి, వెంటనే వెనుక అద్దంలో ఎవరైనా చూశారా అని చూసుకున్నారు. ఏమీ ఎరగకుండా ఆటోమేటిక్‌లోనే మొదలుపెట్టినవారికి ఈ బాధ ఉండదు.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు, వచ్చిన 30 రోజుల తర్వాతే పరీక్షకు పోగలం, అది 6 నెలలు చెల్లుతుంది, అంతవరకు ముందూ వెనుకా తెల్లటి చదరం మీద ఎర్రని ఎల్ ఉండాలి. హెచ్ ఆకారపు ట్రాకులో వెనక్కి నడపడం అందరికీ భయమే అయినా, బ్రేకుతోనే నడక వేగాన్ని అదుపు చేయడం వచ్చినవారికి ఆటోమేటిక్‌లో అది సులువు. విచిత్రమంతా చట్టంలో ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ద్విచక్ర వాహనాలను గేరు ఉన్నవి, గేరు లేనివి అని రెండు తరగతులుగా విడదీసింది, కార్లను అలా విడదీయలేదు. అందుచేత ఆటోమేటిక్‌లో పరీక్ష నెగ్గిన నాకు, 7,500 కిలోలు మించని తేలికపాటి వాహనాలు నడపడానికి గేర్లు ఉన్నవీ లేనివీ అన్న తేడా లేకుండా లైసెన్సు వచ్చింది. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌లో నెగ్గినవారికి ఆటోమేటిక్ వరకే లైసెన్సు ఇస్తారు, జపాన్‌లోనూ 1991 నుంచి అలాంటి విడి లైసెన్సు ఉంది. ఆ పద్ధతే సరైనదని నాకు అనిపిస్తుంది. గేరు కడ్డీ ముట్టుకోని మనిషికి కాగితం మీద ఇంత ధైర్యం ఇవ్వడం మంచిది కాదు.

లైసెన్సు చేతికి వచ్చాకే చిన్నాయన నన్ను కొండకు తీసుకుపోయారు. ఎక్కే దారి 1974లో వేసిన రెండవ ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి పాత రోడ్డు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని, అంతకంటే ముందు చేరితే వేగంగా నడిపినట్టే లెక్క అని దేవస్థానం పెట్టిన నియమం అందరికీ తెలిసిందే. ఎక్కేటప్పుడు ఏఎంటీ కొంత విసిగించింది. బస్సు వెనుక పడి వేగం తగ్గినప్పుడల్లా గేరు తగ్గించడం, దారి దొరకగానే పెంచడం, మలుపులో మళ్లీ తగ్గించడం, ఇలా తడుముకుంటూ ఉంటుంది. కడ్డీని ఎం (మాన్యువల్) స్థానంలోకి మార్చి, గేరును మనమే రెండులోనో మూడులోనో పట్టి ఉంచితే ఆ తడబాటు పోయింది.

దిగేటప్పుడే అసలు పాఠం. డి లో ఉంచి యాక్సిలేటర్ మీద కాలు తీసేస్తే, బండికి అది వాలు అని చాలాసార్లు తెలియదు. లాగవలసిన బరువు లేదనుకుని పై గేరుకు పోతుంది. పై గేరులో ఇంజను బండిని పట్టదు, వేగం పెరుగుతుంది, మనం బ్రేకు తొక్కుతాము, వదలగానే మళ్లీ పెరుగుతుంది. మలుపు తర్వాత మలుపుగా నలభై నిమిషాలు ఇలా బ్రేకు మీదే దిగితే బ్రేకులు కాగిపోయి, పట్టు సడలుతుంది. పాత ఘాట్‌లో కిటికీ దించుకుని వస్తే కాలిన రబ్బరులాంటి ఘాటైన వాసన అక్కడక్కడా తగులుతుంది, అది ముందు పోతున్న ఎవరి బ్రేకులదో అన్నమాట. చిన్నాయన మొదటి మలుపుకు ముందే ఎం లో రెండో గేరు వేయించారు. ఇంజను శబ్దం ఒక్కసారిగా పెరిగేసరికి నేను బెదిరాను. "అరస్తే అరవనీ, అది పట్టుకోనుండాది" అన్నారు. నిండు బండిని వాలులో ఇద్దరు మనుషులు వెనుకనుంచి మోకు పట్టి దించినట్టు, ఇంజను బండిని పట్టి ఉంచింది. బ్రేకు మలుపుకు ముందు ఒక్కసారి, గట్టిగా, తక్కువసేపు తొక్కితే చాలింది.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందన్న మాట తిరుపతిలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలేస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి కనుక ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి కొంత ఇంధనం కాలుతూనే ఉండాలి. మిగిలేది లేకపోగా, బండిని పట్టే దిక్కూ పోతుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, పూతలపట్టు దగ్గర మా ఊరికి పోయినప్పుడు, చిన్నాయన పాత గేర్ల కారులో క్లచ్ కూడా నేర్చుకున్నాను. ఇంజను ఆగిపోవడం నాకూ తప్పలేదు కానీ, అప్పటికి రోడ్డు అలవాటై ఉంది, స్టీరింగు అలవాటై ఉంది, ఘాట్‌లో ఎం తో తిప్పలు పడిన చెవికి ఏ శబ్దానికి ఏ గేరో తెలిసి ఉంది. కొత్తది ఎడమ కాలు ఒక్కటే. డ్రైవరు ఉద్యోగం చేయదలచినవారికి, నలుగురి బండ్లూ నడపవలసి వచ్చేవారికి నేను కూడా గేర్ల బండినే ముందు నేర్చుకోమంటాను. సొంత ఆటోమేటిక్ ఇంటి ముందు పెట్టుకుని, దానికోసం స్కూలు మాన్యువల్‌లో నెల రోజులు గడిపి, చివరకు మిట్ట మీదా వాలులోనూ సొంత బండి ఎలా ఉంటుందో తెలియకుండా కొండకు బయలుదేరేవారిని చూస్తే మాత్రం నాకు ఆందోళనగా ఉంటుంది.

ఇప్పుడు చిత్తూరులో మా వదిన నేర్చుకుంటానంటున్నది. వాళ్లది సీవీటీ బండి. నా దగ్గర పనికొచ్చిన ఎం దాని కడ్డీ మీద లేదు. ఎల్, ఎస్ అని రెండు అక్షరాలు ఉన్నాయట. దిగుడులో ఆ రెండింటిలో ఏది బండిని పడుతుందో, ఏది ఊరికే ఉరకడానికో కంపెనీవారి పుస్తకంలో చూసి పెట్టమన్నాను. డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉందట ఆ పుస్తకం. ఆమెకు ఎల్.ఎల్.ఆర్. రాగానే చిన్నాయన చిత్తూరు బస్సు ఎక్కుతారు.